నేను ప్రార్థన మానేసిన ఆరు రోజులు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, యేసుప్రభువు నామంలో మీ అందరికీ నా వందనాలు! తొమ్మిదేళ్ళపాటు నేను పగటిపూట ఫోను మోగితే చాలు భయపడేదాన్ని, ఎవరు చేశారో చూడకముందే చేతిలో పాల క్యాను ఉంటే కింద పెట్టేసి ముందు "ప్రభువా" అని ఆ తరువాతే ఫోను ఎత్తేదాన్ని. ఎందుకంటే మా ఆయన మల్లేశ్ పెద్ద పెద్ద బిల్డింగులకు బయటివైపు రంగులు వేసే మనిషి. మా అత్తగారిది సైదాబాదులో తరాలుగా పాడి పశువుల ఇల్లు, బర్రెలన్నీ పోయి ఇప్పుడు రెండే మిగిలాయి, ఆ రెండింటి పాలు నేను ఇంటింటికీ తిరిగి పోస్తాను, మా ఆయన మాత్రం పెళ్ళికి ముందే బ్రష్షు పట్టుకుని పరంజా ఎక్కాడు. కర్రలో ఇనుప గొట్టాలో కట్టి వాటి మీద పలక వేస్తారు చూడండి, ఆ పలక మీద నిలబడి నాలుగో అంతస్తులో, ఐదో అంతస్తులో, ఒక చేతిలో డబ్బా, ఒక చేతిలో బ్రష్షు! మరి పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడుంది సహోదరులారా?

ఫలక్‌నుమాలో మా ఆయనతో కలిసి పనిచేసిన ఒక పెయింటరు రెండో అంతస్తు నుంచి పడ్డాడు. రెండో అంతస్తే! ప్రాణం దక్కింది, కానీ నడుము కింద స్పర్శ లేదు, ఈ రోజుకీ మంచం మీదే ఉన్నాడు, ఆయన భార్య ఆయన్ని పసిబిడ్డను తిప్పినట్టు అటూ ఇటూ తిప్పుతుంది. మేమిద్దరం వెళ్ళి చూసి వచ్చాం. దారి పొడవునా మా ఆయన బండి ఎన్నడూ లేనంత మెల్లగా నడిపాడు, ఇక ఈ మనిషికి బుద్ధి వచ్చిందనుకుని నేను లోపల దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. మర్నాడు పొద్దున మళ్ళీ మామూలే! బెల్టు లేదు, తాడు లేదు, నెత్తి మీద టోపీ కూడా ఎండకే కానీ దెబ్బకు కాదు. అడిగితే ఏమనేవాడో తెలుసా?

"ఫికర్ జెయ్యకు సుగుణా. నువ్వు ప్రార్థన చేస్తున్నవు గదా, నీ ప్రార్థనే నాకు బెల్టు. దేవుడు చూస్కుంటడు తియ్."

రోజూ పనికి వెళ్ళేముందు గడప దగ్గర టోపీ తీసి తల వంచేవాడు, నేను ఆ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేదాన్ని. "ప్రభువా, మీ బిడ్డను కాపాడండి, కాలు జారనివ్వకండి, మీ దూతలను ఆయన చుట్టూ ఉంచండి" అని. ఆమేన్ అని టోపీ పెట్టుకుని బండి ఎక్కి పోయేవాడు. ఇలా తొమ్మిదేళ్ళు!

ఇక్కడ నేను నా పాపం ఒప్పుకోవాలి, ఎవరూ నన్ను సమర్థించకండి. ఆ మాట అంటే నాకు కోపం రావాలి కదా? రాలేదు. లోపల్లోపల గర్వపడ్డాను! నా ప్రార్థనకు అంత బలముందని మురిసిపోయాను. స్త్రీల కూడికలో ఇదే చోట నిలబడి, "తొమ్మిదేళ్ళుగా మా ఆయన ఏ బెల్టూ లేకుండా, ఒక్క ప్రార్థన మీదే ఎక్కుతున్నాడు, దేవునికే మహిమ" అని చెప్పాను, మీరంతా చేతులెత్తి స్తోత్రం అన్నారు. మీలో ఒక్కరైనా "ఎందుకమ్మా బెల్టు లేకుండా?" అని అడిగారా? లేదు! నన్ను నేను అనుకున్నంతే మిమ్మల్నీ అంటున్నాను, కోపగించుకోకండి.

పోయిన ఏడాది మా ఆయనకు దబీర్‌పురా స్టేషను దాటాక ఒక ఐదంతస్తుల భవనానికి రంగులు వేసే పని దొరికింది. అక్కడ యూసుఫ్ భాయ్ అని ఒక సూపర్‌వైజర్. యాభై ఏళ్ళుంటాయేమో, సన్నటి మనిషి, మెడలో ఈల వేసుకుని తిరుగుతాడు. మొదటి రోజే మా ఆయన్ని పరంజా ఎక్కనివ్వలేదు. "బెల్ట్ నై తో కామ్ నై" అన్నాడట. సైటులో బెల్టు ఇస్తామన్నా మా ఆయన వేసుకోనన్నాడు, బరువు, తొడల దగ్గర పట్టేస్తుంది, చేతులాడవు, నేనేమన్నా కొత్తోణ్ణా అని లొల్లి పెట్టుకుని పది గంటలకల్లా ఇంటికి వచ్చేశాడు. మర్నాడు ఏం చేశాడో వినండి! మా అత్తగారి కొట్టంలో బర్రెను కట్టే తాడు ఒకటి తీసుకుని, దాన్నే నడుముకు చుట్టుకుని, ఇదే నా బెల్టు అని వెళ్ళాడు. మా అత్తగారు పాలు పిండుతూ చూసి, "అది బర్రెకు కట్టేది కొడకా, నీకేం కర్మరా" అంది, ఆమె మాటా వినలేదు. యూసుఫ్ భాయ్ ఆ తాడు చూసి మళ్ళీ వెనక్కి పంపించేశాడు. మూడో రోజు కూడా అంతే. మూడు రోజుల పని పోయింది.

నాకు ఎవరి మీద కోపం రావాలి సహోదరులారా? మా ఆయన మీద రావాలి. కానీ నాకు కోపం వచ్చింది యూసుఫ్ భాయ్ మీద! మా ఆయన పొట్ట మీద కొడుతున్నాడని, దేవుని బిడ్డకు అడ్డం పడుతున్నాడని, ఆ మనిషిని ఆ సైటు నుంచి తీసెయ్యమని నేను ఉపవాసం ఉండి ప్రార్థించాను. ఒకటి కాదు, వరసగా మూడు శుక్రవారాలు! "ప్రభువా, ఆ యూసుఫ్ భాయ్‌ని అక్కడి నుంచి ఎటైనా పంపించెయ్యండి, దూరంగా పంపించెయ్యండి" అని మోకాళ్ళ మీద ఏడ్చాను. పేరు చెప్పకుండా "సహోదరుని పనిలో ఒక ఆటంకం" అని మన ప్రార్థన పుస్తకంలో కూడా రాయించాను, మీరంతా ఆ ఆటంకం తొలగాలని గట్టిగా ప్రార్థించారు, గుర్తుందా? తొమ్మిదేళ్ళుగా నా భర్తను కాపాడమని ఏ నోటితో అడిగానో, కాపాడటానికి వచ్చిన మనిషిని తీసెయ్యమని అదే నోటితో అడిగాను. దేవుడు నన్ను చూసి ఎంత విసుక్కుని ఉంటాడో!

దేవుడు తీసెయ్యలేదు. యూసుఫ్ భాయ్ ఇంకా గట్టిపడ్డాడు. మా ఆయనకు కింది అంతస్తులో, నేల మీద నిలబడి చేసే పని మాత్రమే ఇచ్చాడు. ఇక నాకు ఓపిక పోయింది. ఒక రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని నేనే సైటుకు వెళ్ళాను, తిట్టడానికే వెళ్ళాను.

"యూసుఫ్ భాయ్ అంటే నువ్వేనా?" అన్నాను.

"హా అమ్మా, నేనే. ఏమైంది?"

"ఏమైంది అని నన్నడుగుతవా? మా ఆయన్ని మూడు దినాలు ఇంటికి తోలినవ్. తొమ్మిదేండ్ల సంది ఎక్కుతున్నడు, ఒక్కసారి గూడ జారలే. మాకు దేవుడున్నడు. మధ్యల నీకేంది లొల్లి?"

ఆయన కోపం తెచ్చుకోలేదు, కానీ విసుగు ముఖమంతా కనిపించింది. ఆ రోజుకే ఎంతమందితో ఇదే మాట చెప్పి ఉన్నాడో పాపం!

"దేవుడు నాకు గూడ ఉన్నడమ్మా. గట్లని నా బండికి బ్రేకులు పీకేసుకుంటనా?"

ఇంత పట్టుదల ఉందంటే ఈయన ఇంట్లో ఎవరో ఇలాగే పోయి ఉంటారని అనిపించి, కాస్త గొంతు తగ్గించి అడిగాను. "మీ ఇంట్ల ఎవరన్న పడి పోయిండ్రా భాయ్?"

"నై అమ్మా. మా ఇంట్ల ఎవ్వరు పడలే. నా సైట్ల మీద గూడ ఇంతవరకు ఒక్కడు చావలే. ఏందమ్మా, ఎవడో ఒకడు చస్తేనే చెప్పాల్నా? చావకముందు చెప్తే ఎవ్వరు వినరా?"

సహోదరీలారా, ఆ మాట నా చెంప మీద కొట్టినట్టయింది. అయినా నా నోరు ఊరుకోలేదు. మరి తాడు కట్టుకుని వస్తే ఎందుకు వెనక్కి పంపావు, తాడు అయితే ఏం, బెల్టు అయితే ఏం అని అడిగాను. ఆయన మా బర్రె తాడే తెప్పించాడు, మా ఆయన అక్కడే పడేసి వచ్చాడట. ఖాళీ కాగితపు సిమెంటు సంచిలో ఇసుక నింపించి, మూతి కుట్టించి, ఆ తాడు సరిగ్గా సంచి మధ్యన, మనిషికి నడుము ఉండే చోట కట్టించాడు. రెండో కొస పరంజా గొట్టానికి కట్టి, మొదటి అంతస్తు ఎత్తు నుంచి సంచిని కాలితో తోశాడు. తాడు పట్టింది. సంచి నడిమికి మడతపడి, చిరిగి, ఇసుకంతా జలజలా కింద పడిపోయింది!

"చూసినవా? తాడు మంచిదే. తెగలే. నడుమే పోయింది" అన్నాడు.

తరువాత ఆయన బెల్టు తెచ్చి నా చేతికిచ్చాడు. రెండు తొడలకు పట్టీలు, రెండు భుజాలకు పట్టీలు, ఛాతీకి ఒకటి, వీపు వెనక ఒక రింగు, ఆ రింగుకు చిన్న తాడు, దాని కొసకు హుక్కు. పడితే బరువంతా ఒక్క నడుము మీద పడకుండా తొడలకూ భుజాలకూ పంచుకుంటుందట. ఆ హుక్కు పరంజాకు కాదు, పలకకు కాదు, పైకప్పు మీద స్తంభానికి కట్టి కిందికి వదిలిన పెద్ద తాడుకు తగిలించాలట, పరంజా కూలినా ఆ తాడు ఉంటుంది కాబట్టి. ఇంత బరువు మా ఆయన మోయనంటున్నాడే, నేను మోసే పాల క్యాను కన్నా తేలికగా ఉంది!

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కూర్చున్నాను కానీ నా మనసు అక్కడ లేదు. మన అయ్యగారు అంతకుముందు ఆదివారమే వాక్యం చెప్పారు, ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు నిన్ను పట్టుకుంటారు అన్న మాట. ఆ మాట చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో! కానీ ఆ రోజు మాత్రం, ఆ మాట అన్నది ఎవరు అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. సాతాను! బెల్టు ఎందుకు, దూతలున్నారు కదా అన్నది సాతాను! ప్రభువు ఏం చేశాడు? దూకలేదు. దేవుణ్ణి పరీక్షించకూడదని చెప్పి, ఆ ఎత్తు మీద కాళ్ళు గట్టిగా ఆనించి నిలబడ్డాడు. మరి నేను? తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున మా ఆయన తల మీద చెయ్యి పెట్టి, దూకు ఫర్వాలేదు అని చెప్పి పంపిస్తున్నాను! సైదాబాదు వచ్చేదాకా ఆటోలో ఏడుస్తూనే ఉన్నాను, ఆటో ఆయన మా ఇంట్లో ఎవరైనా పోయారేమో అనుకుని డబ్బులు కూడా అడగలేదు, నేనే పిలిచి ఇచ్చాను.

ఆ రోజు సాయంత్రమే మా ఆయనకు అంతా చెప్పాను, ఇసుక సంచి సంగతి చెప్పాను, వాక్యం చెప్పాను. మా ఆయన కాసేపు తల గోక్కుని సరే అన్నాడు. దేవునికి స్తోత్రం, బెల్టు వేసుకున్నాడు! యూసుఫ్ భాయ్ పైకి ఎక్కనిచ్చాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. పదిహేను రోజుల తరువాత అన్నం తింటూ తానే నవ్వుతూ చెప్పాడు, బెల్టు వేసుకుంటున్నాడట కానీ హుక్కు మాత్రం తగిలించడం లేదట!

"రెండడుగులు జరిగినప్పుడల్లా తీసుడు, మళ్ళ తగిలిచ్చుడు. గిట్లయితే పని ఎప్పుడైతది? భాయ్ కిందికెల్లి చూసినప్పుడు తగిలిస్త. ఆయన గటు పోంగనే తీసేస్త."

"మరి హుక్కు ఏడుంటది?"

"ఎన్కకు ఏలాడ్తది" అని నవ్వాడు!

తోకలాగా వెనక వేలాడుతుందట! అయ్యో ప్రభువా, పాల కోసం కాచుక్కూర్చునే పిల్లి కన్నా తెలివి లేని మనిషిని ఇచ్చావా నాకు అని అప్పుడు నిజంగానే అన్నాను. అరిచాను, బతిమాలాను, మా అమ్మాయి చేత చెప్పించాను, మంచం మీద ఉన్న ఆ ఫలక్‌నుమా పెయింటరు పేరు చెప్పాను. అన్నింటికీ ఒకటే జవాబు. "నీ ప్రార్థన ఉంది గదా."

అప్పుడు సహోదరులారా, ఒక సోమవారం పొద్దున మా ఆయన టోపీ తీసి తల వంచాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"ఏందే? టైం అయితుంది."

"చెయ్య."

"ఏం చెయ్యవు?"

"ప్రార్థన చెయ్య. హుక్కు పెట్టుకునేదాక నీ కోసం ప్రార్థన చెయ్య. నీకు హుక్కు లేదు, నా ప్రార్థన గూడ లేదు. పో, ఎక్కు."

నవ్వాడు. నేను నవ్వలేదు. ఒక నిమిషం తల వంచుకునే నిలబడ్డాడు, ఆ తరువాత టోపీ నెత్తిన కొట్టుకుని, బండి కిక్కు నాలుగుసార్లు కొట్టి వెళ్ళిపోయాడు. మంగళవారం తల వంచనే లేదు. బుధవారం నాతో మాట్లాడలేదు. అయ్యగారికి తెలిసి, ఇంటికి వచ్చి, "ప్రార్థన మానేయడమేమిటమ్మా, అది పాపం కదా" అన్నారు. "పాపమేనేమో అయ్యగారూ, కానీ నా ప్రార్థన చూసుకుని ఈ మనిషి చస్తే అది ఎవరి పాపం?" అన్నాను. ఆయన టీ తాగి వెళ్ళారు. ఇప్పుడు ముందు వరసలో కూర్చుని నవ్వుతున్నారు కానీ ఆ రోజు నవ్వలేదు!

ఆ ఆరు రోజులు నేను ఎంత నలిగిపోయానో నాకే తెలుసు. లోపల మాత్రం చేసే ఉంటావులే అక్కా అని కొందరు అడిగారు. చేయలేదు, అబద్ధమాడను. నోటి దాకా వచ్చేది, పళ్ళు బిగపట్టుకునేదాన్ని. ఒక్కసారి మాత్రం, గురువారం క్యాన్లు కడుగుతూ, ఇక తట్టుకోలేక ఆకాశం వైపు చూసి అరిచాను. "ప్రభువా, ఆయన్ని కాపాడమని అడగను! ఆ తలకాయలో కాస్త బుద్ధి పెట్టు, అది చాలు!" అది ప్రార్థనో తిట్టో నాకు ఇప్పటికీ తెలియదు. మా అత్తగారు కొట్టంలో నుంచి, "గట్టిగ అడుగు, నేను గూడ గదే అడుగుతున్న మా దేవుణ్ణి" అంది.

శనివారం పదకొండు గంటలకు ఫోను మోగింది. యూసుఫ్ భాయ్ నంబరు. ఆ రోజు నేను "ప్రభువా" అనలేదు, అనడానికి నోరు రాలేదు.

"అమ్మా, గాబరా గాకు. మల్లేశ్ పడిండు. మంచిగున్నడు. బెల్ట్ పట్టింది."

బెల్టు పట్టింది అన్న మాట నాకు అర్థం కాలేదు, పడిండు అన్నదే వినిపించింది. ఎలా వెళ్ళానో తెలియదు, ఆటో ఎక్కానో, ఎవరి బండి వెనక కూర్చున్నానో, ఒక చెప్పు లేకుండా సైటు గేటు దగ్గర నిలబడి ఉన్నాను. మా ఆయన తిరగేసిన రంగు డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా క్రీం రంగు, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, చేతిలో నీళ్ళ సీసా. నన్ను చూసి అన్న మొదటి మాట ఏమిటో చెప్పమంటారా? తొమ్మిదేళ్ళ నా భయం, నా కన్నీళ్ళు, నా ఆరు రోజుల నరకం, వాటన్నిటి తరువాత నా భర్త చావు దగ్గరకు వెళ్ళి వచ్చి నాతో అన్న మొదటి మాట!

"నిండు డబ్బా పోయింది సుగుణా. ఇప్పుడే కలిపిన."

నా చేతిలో ఏమైనా ఉంటే కొట్టేదాన్ని. ఏమీ లేదు కాబట్టి ఆ రంగు మనిషిని పట్టుకుని ఏడ్చాను, నా చీర ఇప్పటికీ ఆ రంగు వదలలేదు.

జరిగింది ఇది. నాలుగో అంతస్తులో పలక ఒక చివర జారింది, మా ఆయన డబ్బాతో సహా పడ్డాడు. డబ్బా కింది దాకా వెళ్ళి పగిలింది, మా ఆయన మాత్రం ఒక మనిషి ఎత్తు కూడా పడకుండానే తాడుకు ఆగిపోయాడు, మూడో అంతస్తు కిటికీ ముందు గాలిలో వేలాడాడు. అంతటితో అయిపోలేదు సహోదరులారా! బెల్టులో ఊరికే వేలాడుతూ ఉంటే తొడల పట్టీలు బిగిసి, కాళ్ళలో రక్తం పైకి రాక మనిషికి స్పృహ పోతుందట, నిమిషాల మీద దించకపోతే ప్రాణానికే ముప్పట. ఇది మనలో ఎంతమందికి తెలుసు? యూసుఫ్ భాయ్‌కి తెలుసు. అందుకే ఆయన ప్రతి సోమవారం ఒక ఇసుక బస్తాను బెల్టుకు వేలాడదీసి, దాన్ని కిటికీలోంచి లోపలికి లాగే పని అందరి చేతా చేయించేవాడు. పిల్లలాట అని అందరూ నవ్వుకునేవాళ్ళు, అందరికన్నా ఎక్కువ నవ్వింది మా ఆయనే! ఆ రోజు ఈల మోగగానే ఎవరు ఎక్కడికి పరుగెత్తాలో వాళ్ళు అక్కడికి పరుగెత్తారు. "కాళ్ళు ఆడియ్ మల్లేశ్! సైకిల్ తొక్కినట్టు తొక్కు! ఆపకు!" అని యూసుఫ్ భాయ్ కింద నుంచి అరుస్తూనే ఉన్నాడట. ఇద్దరు మనుషులు తమ బెల్టులకు హుక్కులు తగిలించుకుని, మూడో అంతస్తు కిటికీలోంచి చేతులు చాపి, మా ఆయన్ని లోపలికి లాగేశారు. ఆసుపత్రిలో చూపిస్తే తొడల మీద, భుజాల మీద కమిలిన గీతలు తప్ప ఒక్క ఎముక విరగలేదు. దేవునికే మహిమ!

మా ఆయన ఆ బెల్టు ఇంటికి తెచ్చి గోడకు తగిలించుకుంటానని అడిగాడు. యూసుఫ్ భాయ్ ఆయన కళ్ళ ముందే కత్తితో పట్టీలన్నీ కోసేశాడు. "ఒక్కసారి పట్టిన బెల్టు మళ్ళ పట్టదు. గోడకుంటే రేపు ఎవడో ఒకడు ఏసుకుంటడు" అన్నాడు. ఆ మనిషితో వాదించడం ఎవరి తరం కాదు.

ఇంటికి వచ్చాక నేను అడిగాను, మరి ఆ రోజు హుక్కు ఎలా ఉంది, యూసుఫ్ భాయ్ చూస్తున్నాడా అని. మా ఆయన తల దించుకుని చెప్పాడు.

"సోమవారం సందే పెట్టుకుంటున్న. అడుగడుగుకు తీస్తున్న, పెడ్తున్న. నువ్వు ప్రార్థన బంద్ చేసినవ్ గదా. భయమైంది. ఇంక నాకేముంది, గా హుక్కే గదా."

ఆరు రోజులుగా పెట్టుకుంటూ, నాతో ఒక్క మాట చెప్పలేదు! చెబితే నేను గెలిచినట్టవుతుందని చెప్పలేదట! ఆ రోజు నేను నవ్వానో, ఏడ్చానో, ఎవరి మీద అరిచానో మా వీధిలో వాళ్ళనే అడగండి.

ఇక నేను ఈ రోజు ఇక్కడ ఎందుకు నిలబడ్డానో చెబుతాను. పోయిన నెల మా ఆయన ఇదే చోట నిలబడి సాక్ష్యం చెప్పాడు. "నేను పడిన, దేవదూత పట్టిండు, అంత నా భార్య ప్రార్థన" అని రెండు నిమిషాల్లో ముగించాడు. మీరంతా చప్పట్లు కొట్టారు. నాకు ఆ మధ్యాహ్నం అన్నం దిగలేదు. హుక్కు మాట లేదు, యూసుఫ్ భాయ్ మాట లేదు, కిటికీలోంచి చేతులు చాపిన ఆ ఇద్దరి మాట లేదు! పైగా అంతా నా ప్రార్థనట! నేను ప్రార్థనే చేయలేదు కదయ్యా! బెల్టు లేకపోయినా ప్రార్థన చాలు అని ఇక్కడ కూర్చున్న ఎంతమంది ఇంటికి వెళ్ళారో అని నాకు భయం పట్టుకుంది. అందుకే అయ్యగారిని అడిగి నేనే వచ్చాను.

ఇక్కడికి వచ్చే ముందు యూసుఫ్ భాయ్ దగ్గరకే వెళ్ళాను. పాలకోవా చేసి అన్నం డబ్బాలో పెట్టి తీసుకెళ్ళి, సిగ్గు విడిచి చెప్పాను. "భాయ్, నీతోని ఒక మాట చెప్పాలె. నువ్వు ఈ సైటు నుంచి పోవాలని నేను మూడు శుక్రవారాలు ఉపవాసం ఉండి ప్రార్థన చేసిన. నన్ను మాఫ్ చెయ్యి." ఆయన పడీ పడీ నవ్వాడు.

"నేను గూడ గదే దువా చేసిన అమ్మా! ఇల్లు దూరమైతుంది, ఇంటి దగ్గర సైటుకు పంపియ్యమని ఆఫీసుల మూడుసార్లు రాసిచ్చిన. మూడుసార్లు నై అన్నరు. ఎందుకనో అనుకున్న!"

చూశారా సహోదరులారా! ఒకవైపు ఆయన, ఒకవైపు నేను, ఇద్దరం ఒకే సంగతి అడిగాం. ఇద్దరికీ దేవుడు కాదన్నాడు! కాదన్నందుకే ఈ రోజు నా మెడలో పుస్తె ఉంది, నా బిడ్డకు నాన్న ఉన్నాడు. దేవుడు పట్టాడా హుక్కు పట్టిందా అని నన్ను అడగవద్దు. ఆ విసుగు మనిషిని అక్కడ కదలకుండా కూర్చోబెట్టింది ఎవరు? వినని వాళ్ళకు రోజూ అదే మాట చెప్పే ఓపిక ఇచ్చింది ఎవరు? నా గర్వం విరిచి, నా నోరు మూయించింది ఎవరు? ఆయనకే స్తోత్రం, ఆయనకే ఘనత! నేను దేవుణ్ణి పరీక్షించాను, ఆయన నన్ను తోసెయ్యలేదు, నాకు బుద్ధి చెప్పి మరీ నిలబెట్టాడు. ఇలాంటి దేవుణ్ణి నమ్మండి సహోదరులారా, పూర్తిగా నమ్మండి. నమ్మినవాళ్ళు ఆయన ఇచ్చిన కళ్ళతో పలక చూసుకోండి, ఆయన ఇచ్చిన చేతులతో హుక్కు తగిలించుకోండి. మీ ఇళ్ళలో నీళ్ళ ట్యాంకులు కడిగేవాళ్ళున్నారు, ఏసీలు బిగించేవాళ్ళున్నారు, రంగులు వేసేవాళ్ళున్నారు. ఇప్పుడు కూడిక అయిపోగానే పక్క గదికి రండి, మా ఆయన బెల్టు ఎలా వేసుకోవాలో చూపిస్తాడు, యూసుఫ్ భాయ్ కూడా వస్తానన్నాడు, ఆయనకు ఓపిక తక్కువ కాబట్టి త్వరగా రండి.

పోయిన వారం మన సహోదరి విమల నా దగ్గరకు వచ్చి, మా ఆయన రోడ్ల మీద పెద్ద పెద్ద బోర్డులు కట్టడానికి ఎక్కుతాడు, ఏమీ కట్టుకోడు, ఆయన కోసం ప్రార్థన చెయ్యక్కా అని ఏడ్చింది. చేస్తాను, ముందు ఆయన్ని ఇక్కడికి తీసుకురా అన్నాను. తీసుకొచ్చింది. అదిగో, మూడో వరసలో, నీలం చొక్కా. వేలు పెట్టి చూపించినందుకు నా వైపు ఎంత కోపంగా చూస్తున్నాడో చూడండి. చూడు తమ్ముడూ, ఎంతసేపైనా చూడు. నా దేవుని దయవల్ల, బతికున్న మనుషుల కోపం నాకు బాగా అలవాటు.